సగం మాట అందించే కోతి

జర్మన్ చెబుతానంటే తిరుపతిలో జనం మొదట అడిగేది "ఎందుకు?" అని. లెక్కలు చెప్పేవాళ్లను ఎవరూ అలా అడగరు. చాలా ఏళ్లు ఆ ప్రశ్నకు రకరకాల జవాబులు చెప్పి చాలామందితో మాటలు పోగొట్టుకున్నాను. ఇప్పుడా బాధ లేదు. నర్సింగు చదివిన ఆడపిల్లలు జర్మనీ ఆసుపత్రులకు వెళ్లడం మొదలైనాక మా శిక్షణ కేంద్రం మెట్ల మీద చెప్పులు విడవడానికి చోటుండటం లేదు. ఎందుకని అడిగినవాళ్లే ఇప్పుడు మా తమ్ముడి కూతురికి సీటుందా అంటున్నారు.

అలా వచ్చినవాళ్లలో నగరి నుంచి వచ్చే ఒక నర్సు అందరికంటే మొండిది. నేను చెప్పిన ప్రతి నియమానికీ "ఎందుకట్ట?" అనేది. అందుకే నాకు నచ్చింది. ఆమెకు అక్కడొక ఊళ్లో ఉద్యోగం ఖాయమైంది. ముందు తను వెళ్లాలి. కాగితాలు కుదిరాక, వేసవిలో, భర్తా నాలుగేళ్ల కూతురూ వెళ్లాలి. అంతదాకా పాప నగరిలో అమ్మమ్మ దగ్గర ఉంటుంది. ప్రయాణానికి ముందు నర్సు నా దగ్గరికి వచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మేడం, నాకు చెప్పినారు సరే. మా పాపకెవురు చెప్తారు?"

"చిన్నపిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆరు నెలలు పోతే నీ తప్పులే దిద్దుతుంది."

"ఆ ఆరు నెల్లూ?"

కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"మా పాప నోరు తెరిచి ఏదీ అడగదు మేడం," అంది. "ఈడ బళ్లోనే ఒంటికి పోవాలని చెప్పదు. ఇంటికొచ్చేదాకా అట్నే ఆపుకుంటాది. దాంతోనే జొరమొచ్చి మంచాన పడింది మొన్న. నేను నర్సునై ఉండీ కనుక్కోలేకపోయినా. ఆడ జర్మనీలో టీచర్లు మొహం చూసి తెలుసుకోరంట. పిల్ల అడగాలంట. అడిగితే చాలంట, అన్నీ చేస్తారంట."

ఆమెకు కావలసింది ఒంటికి పోవాలని అడిగే ఆ ఒక్క వాక్యం. దానితో పాటు నాలుగు పండ్ల పేర్లు, నీళ్లు, నొప్పి. నేను సరేనన్నది జాలితో కాదు. ఎక్కడో నగరిలో కూర్చున్న పిల్ల నోట్లో, ఒక ఫోను తెర గుండా, బతికున్న మాట ఒకటి పెట్టగలమా అన్నది నాకు అప్పటికప్పుడే దురద పుట్టించింది.

మా కేంద్రం కింది అంతస్తులో పెళ్లి వీడియోలు తీసే ఆయన స్టూడియో ఉంది. తిరుపతిలో ముహూర్తాలున్న నెలల్లో ఆయన మనిషి కంటికి కనపడడు. మూఢం వచ్చేదాకా ఆగి పట్టుకున్నాను.

"పిల్లకాయలకు జర్మన్ పాటాలా?" అన్నాడు. "డ్రోన్ కావాల్నా మేడం?"

"వద్దు."

"స్లో మోషనన్నా?"

"వద్దబ్బా. ఒక అరటిపండు, ఒక ఆపిలు, ఒక కోతి. అంతే."

"కోతులా? అలిపిరి కాడికి పోతే కావాల్సినన్ని."

"మాట వినే కోతి కావాలి."

"అట్లయితే బొమ్మే కరెక్టు."

చెయ్యి దూర్చి ఆడించే కోతి బొమ్మ ఒకటి కొన్నాం. ఆడించే చెయ్యి ఆయనదే. ఆయన మణికట్టుకు మొక్కుకుని కట్టుకున్న ఎర్రతాడు ఉంది. అది కోతి నడుము కింద కనిపిస్తూనే ఉండేది. తీసెయ్యమంటే, "దేవుడిది మేడం, తియ్యగూడదు. కోతికి మాత్రం మొక్కులుండవా?" అన్నాడు. కోతికి ఎర్రతాడుతోనే చదువు మొదలైంది.

నేను పాఠం నడిపిన పద్ధతి మన బళ్లలో చదువుకున్న ఎవరికైనా తెలిసిందే. సూర్యుడు తూర్పున ఉద... అని టీచరు ఆగితే, "యిస్తాడు" అని గది కప్పు లేచిపోతుంది. అలాగే నేను అరటిపండు చూపించి "బనానె" అంటాను, మళ్లీ అంటాను, ఆ తర్వాత "బ..." అని ఆగుతాను. కోతి ఎగిరి "నానె" అంటుంది. ఆపిలుకు "ఆప్..." అంటే కోతి "ఫెల్" అంటుంది. అసలు వాక్యం కూడా అంతే. ఇష్ ముస్ ఔఫ్స్ క్లో, నేను మరుగుదొడ్డికి పోవాలి. నేను "ఇష్ ముస్ ఔఫ్స్..." అంటాను, కోతి కాళ్లు మెలిపెట్టుకుని "క్లో" అని అందుకుంటుంది. అదొక పద్ధతి అని కూడా నేనెప్పుడూ అనుకోలేదు. పాఠం అంటే అదే. వీడియోలు పంపాక, ఫోను ముందు కూర్చున్న పిల్లలు కోతితో పోటీపడి అరుస్తున్నారని మిగతా నర్సులు కూడా కబురు పెట్టారు. నేను పొంగిపోయాను.

కొన్ని వారాల తర్వాత బస్సెక్కి నగరి వెళ్లాను, పాప ఎంత నేర్చిందో చూద్దామని.

ఆ వీధిలో ఇంటింటా మరమగ్గాలు. అవి ఆడుతున్నంతసేపూ పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అందుకని ఆ ఇంట్లో మాటలకు బదులు చేతులు పనిచేస్తాయి. నేను గడపలో నిలబడి చూస్తుండగానే పాప బొటనవేలు నోటి దగ్గరికి తెచ్చింది. పాప అవ్వ అని పిలిచే ఆ అమ్మమ్మ మగ్గం మీంచి చూపు సగం తిప్పి, చెంబు అందించి, తెగిన పోగు ముడివేసుకుంది. ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

అవ్వ మగ్గాలు ఆపి నన్ను కూర్చోబెట్టింది. వయసులో నాకంటే పెద్దది, మాటలో నాకు సమానం.

"నీ కోతి మా ఇంట్లోనే కాపురం ఉండాది టీచరమ్మా," అంది. "అన్నం తినాలన్నా కోతే, నిద్రపోవాలన్నా కోతే. సూడు, ఎట్ట టకటకా చెప్తాదో."

ఫోను పెట్టింది. పాప తెరలోని కోతి కంటే ముందే నానె, ఫెల్, క్లో అని వరసపెట్టి కొట్టింది. అవ్వ నా వైపు చూసి తల ఆడించింది. అప్పుడు నేను ఫోను ఆపి, సంచిలోంచి అరటిపండు తీసి, ఇదేమిటని జర్మన్‌లో అడిగాను.

పాప అరటిపండు చూడలేదు. నా నోరు చూసింది. గడ్డం కొంచెం పైకెత్తి, పెదవులు సిద్ధం చేసుకుని, ఎదురుచూసింది.

"చెప్పు బంగారూ," అన్నాను.

చూస్తూనే ఉంది.

"బ..." అన్నాను.

"నానె," అంది ఠక్కున.

ఆపిలు తీశాను. మళ్లీ నా నోరే చూసింది. "ఆప్" అన్నాక "ఫెల్" అంది. నీకు ఒంటికి వస్తే జర్మనీలో ఏమంటావు అని తెలుగులోనే అడిగాను. నేను మొదలుపెడతానని నిలబడి ఉంది పిల్ల. మొదలుపెట్టకపోతే సాయంత్రం దాకా అలాగే మర్యాదగా నిలబడేటట్టుంది.

"ఏంటికి చెప్పలే?" అంది అవ్వ. "నువ్వు అందియ్యాల టీచరమ్మా. అందిస్తే గదా చెప్పేది."

తిరుగు బస్సులో నాకు నా మీద కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. నేను ఆ పిల్లకు జర్మన్ నేర్పలేదు. ఎవరో ఒకరు మొదలుపెట్టేదాకా ఆగడం నేర్పాను. అది పాపకు ముందే వచ్చు.

ఈ సంగతి చెబితే స్టూడియో ఆయన ఒప్పుకోలేదు.

"క్లో అంటే చాలదా మేడం? ఆ ముక్కకే వాళ్లకు అర్తమైతాది గదా."

"ఆ ముక్క కూడా అనదు. ఎవరైనా 'ఇష్ ముస్' అని అందిస్తే అంటుంది. అక్కడ ఎవరందిస్తారు, నీ కోతా?"

"పంపిస్తే పోతాది పాపం, దానికేం," అన్నాడు కోతిని బల్ల మీద పడుకోబెడుతూ.

ఆ తర్వాత కొన్నాళ్లు నా చెవులు నా మాట వినలేదు. ఎక్కడికి వెళ్లినా సగం మాటలే. పెళ్లిలో పురోహితుడు ముక్క ముక్క అందిస్తుంటే పెళ్లికొడుకు అర్థం తెలియకుండా అంటున్నాడు. ఎన్నికల సభలో నాయకుడు సగం పేరు చెప్పి మైకు జనం వైపు తిప్పుతున్నాడు. మా వదిన "ఆ డబ్బాలో ఉన్న..." అంటే మా అన్న డబ్బా తెచ్చి ముందు పెడుతున్నాడు. వాక్యం పూర్తిచేసే అవసరమే వాళ్ల కాపురంలో రాలేదు. మరి మన పిల్లలు నిండు వాక్యం ఎప్పుడు మాట్లాడతారు, ఎవరూ అందించకుండా, వాళ్లంతట వాళ్లే? నాకు నిజంగా తెలియలేదు. తెలియకపోవడం నాకు పడదు.

అప్పుడు గుర్తొచ్చింది స్టూడియో ఆయన కంప్యూటరు. ఏ పెళ్లికైనా కత్తిరించకముందు గంటలకొద్దీ పనికిరాని సరుకు ఉంటుంది. దానినిండా పిల్లలే. కుర్చీల కింద, భోజనాల బంతిలో, వేదిక వెనక. నేను పక్కన కూర్చుని చూడటం మొదలుపెట్టాను.

"పెండ్లికూతురి మొహం చూసేదానికి జనం కొట్టుకుంటారు," అన్నాడాయన. "మీరేంది మేడం, చీమిడి ముక్కుల్ని జూమ్ చెయ్యమంటాండారు?"

"నీ పెళ్లికూతుళ్లందరూ ఒక్కటే. పిల్లలు వేరు వేరు. తిప్పు."

చూసేకొద్దీ ఒకటి తేలింది. ఆ పెళ్లిళ్లలో ఏ పిల్లా ఏదీ అడగదు. కొంగు లాగితే అమ్మ తల తిప్పకుండానే నీళ్ల గ్లాసు కిందికి దించుతుంది. బంతిలో పిల్లాడు చెయ్యి కదపకముందే ఎవరో అత్త లడ్డు చిదిమి నోట్లో పెడుతుంది. అడగడానికి ఖాళీ ఏదీ? కానీ అప్పుడప్పుడు ఒక పిల్ల ఉన్నట్టుండి నిండుగా, నీళ్లు నమలకుండా మాట్లాడుతుంది. ఒక తాతగారు తనవి కాని చెప్పుల్లో కాలు పెడుతుంటే, బొమ్మంత పిల్ల అడ్డం పడి, "అవి మా మామవి. నీవి ఆ మూలుండాయి, పో," అంది. ఇంకో వీడియోలో పెద్దాయనొకడు కుర్చీలో కూర్చోబోతే, "అది మా నాయన కుర్చీ, లెయ్యి," అని ఒక బుడ్డోడు తేల్చేశాడు.

"ఆపు," అన్నాను. "మళ్లీ వెయ్యి."

"ఏముంది మేడం దీంట్లో?"

"పెద్దవాళ్లు తప్పు చేస్తే వీళ్లకు వాక్యం మొత్తం వస్తోంది. ఎవరూ అందించక్కర్లేదు."

ఆయన ఆ వీడియో రెండోసారి చూసి గడ్డం గోక్కున్నాడు. "అయితే మన కోతికి తప్పులు నేర్పాల్నా?"

"కోతి వద్దు. కోతి తప్పు చేస్తే ఎవరికి పట్టింది? అవ్వ చేయాలి."

అవ్వను ఒప్పించడం కష్టమవుతుందనుకున్నాను. తప్పులు చెప్పడమే నీ పని అంటే, "ఆ పని నాకెవురూ నేర్పే పన్లే," అని కొప్పు సరిచేసుకుని కూర్చుంది. వాళ్ల వీధిలో అమావాస్యకు మగ్గాలు ఆపుతారు. ఆ రోజు కెమెరా తీసుకుని వెళ్లాం. నేను జర్మన్‌లో ఆపిలు ఇమ్మంటాను, అవ్వ అరటిపండు తీసి ఇస్తుంది. నీళ్లంటే ఉప్పు డబ్బా ఇస్తుంది. నటించమని చెప్పాం గానీ ఆమెకు ఆ అవసరం పడలేదు, నిజంగానే ఏది ఏదో తెలియదు. ఆఖర్న నేను కాళ్లు మెలిపెట్టి "ఇష్ ముస్ ఔఫ్స్ క్లో" అన్నాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని నేరుగా వంటింట్లోకి నడిపించింది.

కెమెరా వెనకాల కూర్చున్న పాప ఒక్క గెంతులో వచ్చి పడింది.

"అవ్వా, ఆడికి గాదు. ఇష్ ముస్ ఔఫ్స్ క్లో అంటాండాది టీచరు. దొడ్లోకి తీసకపో. ఇష్ ముస్ ఔఫ్స్ క్లో అంటే దొడ్డి అవ్వా, నీకేం తెలీదు."

స్టూడియో ఆయన కెమెరా మీంచి తలెత్తి నన్ను చూశాడు. నేను ఏమీ అనలేదు. అంటే అందించినట్టవుతుందని భయం.

ఎడిటింగులో మళ్లీ తగువు. అవ్వ తప్పు చేశాక, చూసే పిల్ల దిద్దడానికి కొంచెం ఖాళీ కావాలి. ఆయన ప్రతి ఖాళీలోనూ సన్నాయి పెట్టుకొచ్చాడు.

"తియ్యి."

"సౌండు లేకుంటే ఫోను చెడిపోయిందనుకుంటారు మేడం. పెండ్లి వీడియోలో ఇంత గమ్ముగా ఉంటే అడ్వాన్సు ఎనక్కి అడుగుతారు."

"ఆ గమ్ములోనే పిల్ల మాట్లాడేది. నువ్వు సన్నాయి ఊదితే నీతో పోటీ ఎవరు పడతారు?"

మొహం మాడ్చుకుని తీశాడు. ఆ ఖాళీల్లో అవ్వ అరటిపండు పట్టుకుని అయోమయంగా తెరలోంచి చూస్తూ ఉంటుంది. అంతకంటే మంచి పాఠం నేను రాయలేను.

అయినా పని పూర్తికాలేదు. మళ్లీ నగరి వెళ్తే, పాప ఇప్పుడు ప్రతి మాటా నిండుగా అంటోంది, దిద్దడానికి. తనకు కావలసి అడగడానికి మాత్రం బొటనవేలే లేస్తోంది. లేవగానే చెంబు వస్తోంది. వేసవి దగ్గరపడింది. నేను అవ్వతో సూటిగా చెప్పాను.

"పెద్దమ్మా, ఇకమీద అది నోటితో అడిగితేనే ఇవ్వు."

"పిల్లకు దాహమైతే నా గొంతెండుతాది. అదడిగేదాకా చెంబు పట్టుకోని కూసోవల్నా? నేనేమన్నా రాచ్చసినా?"

"అక్కడ నువ్వుండవు."

మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి ఆ మాట బాగా వినపడింది. ఆమె లేచింది.

"ఆ మాట నువ్వు చెప్పాల్నా టీచరమ్మా నాకు," అని లోపలికి పోయింది. కాఫీ ఇవ్వలేదు. నేనూ మాట వెనక్కి తీసుకోలేదు, అది నిజం గనక.

తర్వాత ఏం జరిగిందో పాప నాన్న ఫోనులో చెప్పాడు. అవ్వ మగ్గం దగ్గర కూర్చునే వైపు మార్చుకుందట. పాప ఆడుకునే చోటికి వీపు పెట్టి కూర్చుంటోందట. ఎందుకని అడిగితే, "సూస్తే ఇచ్చేస్తా. సూడకుంటే గదా అదడిగేది," అందట. పాప మొదట చుట్టూ తిరిగి ముందుకొచ్చి వేలు చూపించేదట. అవ్వ కళ్లు మూసుకునేదట. కొంగు లాగితే కొంగు బొడ్లో దోపుకునేదట. ఒక మధ్యాహ్నం ఆ మగ్గాల మోతను మించి, "అవ్వా, నాకు నీళ్లు కావల్ల," అని కేక వినపడిందట. తెలుగులోనే. అవ్వ చెంబుతో పాటు పిల్లను కూడా ఎత్తుకుని చాలాసేపు దించలేదని చెప్పాడు. తెలుగులో అడగడం వచ్చాక జర్మన్‌లో అడగడం పెద్ద పని కాలేదు. అవ్వ వీపుకు ఏ భాషైనా ఒకటే.

వేసవిలో వాళ్లు వెళ్లారు. బళ్లో చేర్చిన కొన్నాళ్లకు, ఒక సాయంత్రం నర్సు నన్నూ వాళ్లమ్మనూ కలిపి వీడియో కాల్ చేసింది. ఒక గడిలో ఆమె, ఒక గడిలో అవ్వ, జుట్టునిండా నూలు దుమ్ముతో.

"అడిగింది మేడం," అంది నర్సు. "టీచరు కాడికి పోయి మొత్తం వాక్యం చెప్పిందంట. తీసకపోయినారంట."

నేను పోలీసులా ప్రశ్నలు వేశాను. ఎవరైనా అందించారా? పాప ఆ టీచరు నోరు చూసిందా, కళ్లు చూసిందా? ఒక్కసారే చెప్పిందా?

"అవన్నీ చెప్పలే మేడం వాళ్లు. వాళ్లకదేం పెద్ద ఇసయం గాదు. పిల్ల అడిగింది, తీసకపోయినారు."

అప్పుడు అవ్వ అడిగింది. "అడిగే ముందర ఎంతసేపు నిలబడిందంట?"

"తెలీదుమా."

"అంతసేపూ ఎవురూ సూల్లేదా పిల్లని?"

"పెద్దమ్మా, అదే కదా మనం నేర్పింది," అన్నాను నేను. "ఇన్నాళ్లూ పడ్డ పాటంతా దానికే."

"నేర్పినాం లే. కాదన్నానా?" తెరలో ఆమె మొహం పక్కకు తిరిగింది, మళ్లీ ఇటు వచ్చింది. "ఇంతుండాది పిల్ల. అందురి మద్దిలో నిలబడి నోరు తెరిచి అడగాల్సొచ్చింది. దానికి నేను పండగ చేసుకోవాల్నా?"

వాదించడానికి నా దగ్గర కావలసినంత ఉంది. పిల్ల జొరం పడకుండా ఉంటుంది, ఒకరి మీద ఆధారపడదు, ఆ దేశంలో అదే మర్యాద. అన్నీ నిజాలే. తెర అవతల ఆమె జుట్టులోంచి ఒక్కో పోగూ తీసి పక్కన పెడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. మా ఇద్దరి మధ్య నర్సు, ఎవరి పక్షం పట్టాలో తెలియక, గదిలో ఉన్న పాపను కేకేసింది. పాప రాలేదు, ఆటలో ఉంది.

"టీచరమ్మా," అంది అవ్వ. గొంతు మామూలుగానే ఉంది. "కడుపు నొస్తే ఏమనాలో అది నేర్పినావా?"

నేర్పలేదు.